కాల్చి చెప్పిన మాట

సరంగు పోయాడన్న కబురు నాకు పడవ మీద వచ్చింది. పొద్దున్నే కొట్టు తలుపు బల్లలు ఒక్కొక్కటే తీసి లోపల పెడుతున్నాను. లాకులోకి దిగడానికి వరసలో ఆగిన పడవల్లో ఒకదాని మీద నుంచి ఎవరో కేకేశారు.

"సావుకారుగారండీ! నరసాపురం సరంగు మామ మొన్న సాయంత్రం పోయాడండి. అన్నం తిని గోడకానుకుని కూర్చున్నాడంట. అలాగే పోయాడంట!"

ఇంకేమైనా అడుగుదామనుకునే లోపల లాకు తలుపులు తెరుచుకున్నాయి. పడవ ముందుకు వెళ్ళిపోయింది. చేతిలో బల్లతో అలాగే నిలబడిపోయాను. నా భార్య లోపలి నుంచి వచ్చి "ఎవరండీ?" అని అడిగింది. చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఒక్క మాట అంది.

"మీరు చెప్తారేమోనని చూసి చూసి పోయాడు."

ఆ మాట ఎందుకంది, నేను ఎవరికి ఏం చెప్పవలసి ఉండి చెప్పకుండా ఉన్నాను అన్నది చదివే మీకు తెలియాలి. అందుకే ఈ నాలుగు కాగితాలు రాస్తున్నాను. నాకు రాత పెద్దగా రాదు. వీధిబడిలో నేర్చిన అక్షరాలు, ఆ తర్వాత చుట్టల కట్టల మీద పేర్లు రాసిన అలవాటు, అంతే.

నాది ధవళేశ్వరంలో లాకు పక్కన చుట్టల కొట్టు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్విన దగ్గర నుంచి ఈ లాకు మీదుగా పోని సరుకు లేదు. బియ్యం, ఉప్పు, కొబ్బరికాయలు, కలప, అన్నీ పడవల మీదే. తలుపులు మూసి నీళ్ళ మట్టం సరిచేసేదాకా లాకు దగ్గర ప్రతి పడవా కాసేపు ఆగాలి. ఆగినవాడు చుట్ట కాలుస్తాడు. నా వ్యాపారం అంతా ఆ కాసేపట్లోనే.

పడవకి పెద్ద, చుక్కాని పట్టేవాడు సరంగు. కాలవ మీద సరంగులు ఎంతమంది ఉన్నా, ఉత్తినే సరంగు అంటే ఆయనే అని అందరికీ తెలుసు. బతికున్నన్నాళ్ళూ నేను "ఏమోయ్ సరంగూ" అనే పిలిచాను. ఇప్పుడు ఆయన అని రాస్తుంటే నా చేతికి కొత్తగా ఉంది. ఈ ముక్క ముందే నోటికి రావలసింది.

నేను కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళ పైమాట. మాది లంక గ్రామం. గోదారి వరద తీసి ఒండ్రు పెట్టి వెళ్ళాక ఆ మట్టిలో పండే పొగాకుని లంక ఆకు అంటారు. దాని ఘాటు గొంతులోకి మెత్తగా దిగుతుంది. చుట్ట చుట్టడం మా నాన్న దగ్గర నేర్చుకుని, ఒక బల్ల, ఒక బుట్ట, నిప్పు అంటించుకోవడానికి వేలాడదీసిన ఒక కొబ్బరి తాడు, వీటితో ఇక్కడికొచ్చి కూర్చున్నాను. అప్పటికే లాకు దగ్గర మూడు పెద్ద కొట్లున్నాయి. నాది చివరిది. నా వైపు చూసేవాడే లేడు.

ఒకరోజు ఆయన గట్టెక్కి వచ్చి ఒక చుట్ట తీసుకున్నాడు. తాడు కొసన అంటించుకుని, గట్టు మీద రాతి మీద కూర్చుని, కొస దాకా కాల్చాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. లేచి పడవెక్కి వెళ్ళిపోయాడు. నచ్చలేదు కాబోలు అనుకున్నాను. పది రోజులకి కాకినాడ నుంచి తిరిగొస్తూ పడవని సరిగ్గా నా కొట్టు ఎదురుగా ఆపాడు.

"ఇది చుట్టింది ఎవరండి?"

"నేనే."

"ఆకు ఎక్కడిదండి?"

"మా లంకదే. మా మేనమామ తోటలోది."

"వచ్చేసారి కూడా మీరే చుడతారాండి?"

"నేనే చుడతాను."

"ఆయ్. అయితే మా పడవ ఇక్కడే ఆగుద్దండి."

మా ఇద్దరి మధ్యా జరిగిన ఒప్పందం అంతే. కాగితం లేదు, సాక్షి లేడు.

ఆయన మనిషి పొడగరి, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. మాట తక్కువ. గడ్డి గానీ నార గానీ ఎక్కించిన పడవలో ఎంత దూరమైనా సరే చుట్ట ముట్టించేవాడు కాదు. కొత్త కట్ట చేతికివ్వగానే ముందు వాసన చూసి, తర్వాత తలగుడ్డ కొసన ముడేసుకునేవాడు. నరసాపురం వైపు నుంచి వచ్చినప్పుడల్లా అరటాకులో చుట్టి చందువా చేపో, ఎండు రొయ్యలో మా ఇంటికి పంపేవాడు. "అమ్మగారికివ్వండి" అనేవాడే గానీ నాకని ఎప్పుడూ అనలేదు.

ఆయన మాటకి కాలవ మీద ఎంత విలువ ఉండేదో చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని మీకు చిన్నదిగా కనిపిస్తుంది. ఒకసారి ఆయన పడవలో బియ్యం వచ్చాయి. కొనడానికి వచ్చిన షావుకారు పై బస్తాలు చూసి తల ఊపుతున్నాడు. సరుకు ఆసామి పక్కనే నిలబడి ఉన్నాడు. ఈయన చుక్కాని దగ్గర నుంచే, "అడుగు బస్తాలు తడిసినయ్యండి. అవి కూడా చూసుకుని కొనండి" అన్నాడు. ఆసామి మండిపడ్డాడు. "నా సరుకు మోస్తూ నా కొంప ముంచుతావా?" అని తిట్టాడు. ఆయన ఎదురు చెప్పలేదు. కానీ ఆ తర్వాత ఆ షావుకారు, ఆ ఆసామి కూడా ఆయన పడవకే సరుకు వేశారు.

అలాంటి మనిషి నా చుట్ట గురించి నోరు విప్పాడు. కాకినాడ దాకా, అటు నిడదవోలు మీదుగా పోయే పడవల్లో, ఎక్కడ నలుగురు సరంగులు కలిసినా చెప్పేవాడట. "లాకు దగ్గర చివరి కొట్టు. నేను పంపానని చెప్పండి. కాల్చి చెప్తన్నాను, విని కాదు." ఐదేళ్ళు తిరిగేసరికి లాకు దగ్గర పెద్ద కొట్టు నాదే. నలుగురు మనుషుల్ని పెట్టి చుట్టించాను. వచ్చినవాడల్లా, "సరంగు మామ పంపాడండి" అనే వచ్చేవాడు.

ఒకసారి కృతజ్ఞతగా ఒక కట్ట ఊరికే ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు.

"ఊరికే ఇచ్చిన చుట్టకి రుచి ఎలా చెప్పనండి?" అన్నాడు.

ఆ మరుసటేడు గోదారి పొంగింది. నా ఆకు కొట్టు గట్టు దిగువన ఉంది. ఏడాదికి సరిపడా ఆకంతా అందులోనే. నీళ్ళు గుమ్మం దాకా వచ్చేశాయి. ఆయన పడవ లాకు దగ్గర కట్టేసి ఉంది. నేను అడగలేదు. ఆయనే పడవ మీద పనిచేసే కళాసుల్ని వెంటబెట్టుకుని వచ్చి ఆకు మోపులన్నీ మోయించి, పడవ గూడు నిండా సర్దించాడు. మూడు రోజులు వాన. గూట్లో నా ఆకు పడుకుంది, ఆయనా ఆయన మనుషులూ తాటాకు చాపలు కప్పుకుని బయట కూర్చున్నారు. నాకు ప్రాణం ఒప్పక, "కొంచెం ఆకు తీసి పక్కన పెట్టి మీరు లోపల తలదాచుకోండయ్యా" అన్నాను.

"మనుషులు తడిస్తే ఆరతారండి. ఆకు తడిస్తే పోద్ది" అన్నాడు.

ఇదంతా జరిగిన తర్వాతే నేను ఆ పని చేశాను. ముందైతే తెలియక చేశాడని అనుకోవచ్చు. తర్వాత చేశాను.

ఒక కార్తీకంలో గాలివాన కొట్టి లంకల్లో పొగాకు నారంతా కుళ్ళిపోయింది. ఆకు దొరకలేదు. దొరికినది కొనేటట్టు లేదు. మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన ముతక ఆకు మాత్రం కావలసినంత ఉంది. దాన్ని లోపల పెట్టి, పైన ఒక్క పొర లంక ఆకు చుట్టించాను. చూడటానికి ఏ తేడా లేదు. ఈ ఒక్క ఏడే కదా అనుకున్నాను. మరుసటేడు లంకల్లో ఆకు విరగపండింది. ఆపవచ్చు. కానీ అప్పటికి ఒక సంగతి నాకు అర్థమైంది. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు గొంతు పట్టుకుంటోందన్నారు గానీ, "వాన గాలి కదా" అంటే నమ్మారు. నమ్మకంతో కాల్చేవాడికి నాలుక కూడా నమ్మేస్తుంది. ఆపలేదు.

నమ్మని నాలుక ఒక్కటే ఉంది. అది ఆయనది. ఆయన నాలుక నన్ను నమ్మి కాల్చేది కాదు, కాల్చి నన్ను నమ్మేది. అందుకని ఆయనకి ఇచ్చే చుట్టలు అసలు లంక ఆకుతో నేనే స్వయంగా చుట్టి, వేరే బుట్టలో వెనక పెట్టేవాణ్ని. ఆయన వస్తే ఆ బుట్టలోంచి తీసి ఇచ్చేవాణ్ని.

నా భార్య చూసి ఒకరోజు అడిగింది. "సరంగు చుట్టలు వేరే ఎందుకండీ?"

"పాత వాడుక మనిషి. మనకి ఎంత చేశాడు. ఆమాత్రం గౌరవం ఉండొద్దూ?"

"గౌరవమా, భయమా?" అంది.

కసిరాను. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి. ఆ నాలుగేళ్ళూ ఆయన కాలవంతా తిరిగి, కాల్చి చెప్తున్నానంటూ నా కొట్టుకి మనుషుల్ని పంపుతూనే ఉన్నాడు. నేను వాళ్ళకి మెట్ట ఆకు అమ్ముతూనే ఉన్నాను.

ఒక వేసవి మధ్యాహ్నం వచ్చాడు. కొట్లో ఇద్దరు బేరగాళ్ళున్నారు. ఆయన రాతి మీద కూర్చుని వాళ్ళు వెళ్ళేదాకా ఆగాడు. వాళ్ళు గట్టు దిగాక లేచి వచ్చి, తలగుడ్డ ముడి విప్పి ఐదు చుట్టలు నా బల్ల మీద వరసగా పెట్టాడు. మొల్లోంచి చేపల కత్తి తీసి ఒక్కొక్క చుట్టనీ పొడుగునా చీల్చాడు. నాలుగింటి లోపల ముతక ఆకు, ఈనెలతో సహా. ఐదోదాంట్లో లంక ఆకు.

"విజ్జేశ్వరం నుంచి గోదారి దాటతా ఉంటే వాన కొట్టిందండి. నా కట్ట తడిసిపోయింది. పక్క పడవ కుర్రసరంగుని ఒకటడిగి ముట్టించాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. "పొరపాటున వచ్చిందేమో అనుకున్నానండి ముందు. ఇంకో మూడు పడవల్లో అడిగాను. అందరిదీ ఇంతే. నాదొక్కటే వేరు."

నేను అప్పుడు అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ రాస్తాను.

"నీకు మంచివే ఇచ్చాను కదోయ్. నీకేం తక్కువ చేశాను?"

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"అదేనండి. నాకూ తక్కువ చేసుంటే బాగుండేది. మొదటి రోజే తెలిసిపోయేది. నాకు మంచిది పెట్టి, నా నోటితో వాళ్ళందరికీ అబద్ధం చెప్పించారు."

ఆయన తన కట్టలో తడిసి ఆరిన చుట్టలు ఏవో నాలుగు మిగిలి ఉంటే అవి కూడా బల్ల మీద పెట్టేశాడు. "వత్తానండి. అమ్మగారిని అడిగానని చెప్పండి" అని గట్టు దిగాడు.

ఇక నా కొట్టు మూతపడుతుందనుకున్నాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. లాకు దగ్గరికి వచ్చే ప్రతి పడవనీ భయంగా చూసేవాణ్ని. నెల గడిచినా ఏమీ కాలేదు. ఒకరోజు ఆయన చెప్పిన ఆ కుర్రసరంగే కట్ట కొనుక్కుంటూ, నవ్వుతూ అన్నాడు.

"మామకి ఏదో అయిందండి. ఏ రేవులో ఆగినా పడవ పడవకీ వెళ్ళి చెప్తన్నాడు. 'చుట్ట గురించి నే చెప్పింది తప్పురా. నా రుచిని ఇక నమ్మకండి. మీరు కాల్చి మీరే చూసుకోండి' అని. నన్ను పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడండి. చుట్ట దగ్గర ఏడుపేంటండి?"

మోసం చేసింది నేనని ఎక్కడా చెప్పలేదు. తన మాట తను వెనక్కి తీసుకున్నాడు, అంతే. దానికి జనం చెప్పుకున్న అర్థం వేరు. ముసలాడికి నాలుక చచ్చిందన్నారు. రుచి తెలీని సరంగని పేరు పెట్టారు. అక్కడితో పోయినా బాగుండేది. ఆ తర్వాత ఒకసారి అడుగు బస్తాలు తడిశాయని ఆయన అంటే, ఆ బియ్యం ఆసామి అందరి ముందూ, "చుట్ట రుచే తెలీని వాడివి, బియ్యం సంగతి నీకెందుకోయ్" అన్నాడట. అందరూ నవ్వారట. అన్నేళ్ళ మాట అలా నవ్వుల్లో కొట్టుకుపోయింది. కొన్నాళ్ళకి ఆయన చెప్పడమే మానేశాడట.

నా కొట్టుకి మాత్రం ఏ లోటూ రాలేదు. అలవాటైన కాళ్ళు అలాగే వచ్చాయి.

ఆ రోజుల్లోనే కొట్లో నలుగురు కూర్చుని ఆయన గురించి వేళాకోళం ఆడుతున్నారు. ఒకడు నా వైపు తిరిగి, "ఏమంటారండి సావుకారుగారూ, నాలుక అలా ఉన్నట్టుండి చచ్చిపోద్దాండి?" అని అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు.

"వయసు మీద పడింది కదా, పాపం" అన్నాను. వాళ్ళతో కలిసి నవ్వాను కూడా.

లంక ఆకులో మెట్ట ఆకు కలపడం ఒక పాపం. దానికి నా ఆశ కారణం. ఈ నవ్వుకి ఏ కారణం చెప్పుకోను?

నా భార్య తలుపు వెనక నుంచి అంతా వింది. నేరుగా చుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఇవాళ్టి నుంచి మెట్ట ఆకు ముట్టుకోకండి. మా ఆయన అడిగితే నేను చెప్పానని చెప్పండి" అంది. ఉన్న మెట్ట ఆకంతా తీయించి పెంటకుప్పలో పోయించింది. కాబట్టి మోసం ఆపింది కూడా నేను కాదు. ఆ పేరు నాకు రాకూడదు.

మళ్ళీ లంక ఆకుతో చుట్టిన మొదటి కట్ట పట్టుకుని, ఆయన పడవ వచ్చిన రోజు నేనే గట్టు దిగి వెళ్ళాను. ఆయన ఒక్కడే కూర్చుని పీచు పేనుతూ ఉన్నాడు. మిగతావాళ్ళు చుట్టలు కాలుస్తుంటే ఆయన చేతికి అప్పుడు అదే పని.

"మళ్ళీ పాతవే సరంగూ. నువ్వే చూడు" అన్నాను.

పీచు పక్కన పెట్టి కట్ట అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"లంక ఆకేనండి. మంచిది. ఇలాగే చుట్టండి" అని కట్ట నా చేతిలో పెట్టేశాడు.

"ఒకటి కాల్చవోయ్."

"మానేశానండి. నా రుచిని నమ్మొద్దని కాలవంతా చెప్పుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ఇదే చుట్ట నోట్లో పెట్టుకుంటే ఆ మాటకి అర్థమేముందండి? ఉన్నదొక్క నోరు. ఎన్నిసార్లని మార్చను?"

"వేరే కొట్టులోదైనా..."

ఆయన నవ్వాడు. "వేరే కొట్టు చుట్ట నాకు పడదండి."

అప్పుడు నా మనసు నిజంగానే కరిగింది. "తప్పు నాదని నేనే అందరికీ చెప్తాను" అన్నాను.

"చెప్పండి" అన్నాడు. పీచు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నా మాట నేను దిద్దుకున్నానండి. మీ మాట మీరు దిద్దుకోవాలి" అన్నాడు.

ఆ రోజుకీ ఆయన పోయిన రోజుకీ మధ్య ఎనిమిదేళ్ళు. పడవ వచ్చినప్పుడల్లా తల ఎత్తి, "బాగున్నారాండి? అమ్మగారు బాగున్నారా?" అని అడిగేవాడు. చేపలు పంపేవాడు. చెప్పారా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే కోపమైనా తెచ్చుకునేవాణ్ని. ఈ వారం చెప్తాను, పండగ వెళ్ళాక చెప్తాను, రైలు వచ్చి పడవలు తగ్గాయి కదా, ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం? ఇలా ఎనిమిదేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. వాళ్ళకి చెప్పలేదు.

కబురు వచ్చాక పెద్దకర్మకి బయల్దేరాను. ఒకప్పటి కుర్రసరంగు పడవలోనే వెళ్ళాను. అతనికీ అప్పుడే చెంపల దగ్గర నెరుపు మొదలైంది. నరసాపురం అవతల గోదారి ఒడ్డున పాతిక ఇళ్ళ పల్లె. ఇంటి ముందు తాటాకు పందిరి. కాలవ పడవలవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. నాకు నులక మంచం వేసి, బొండాం కొట్టి ఇచ్చి, పెద్దమనిషినని ముందు కూర్చోబెట్టారు.

భోజనాలు వడ్డించే ముందు లేచి నిలబడ్డాను. అంతా చెప్పాను. మెట్ట ఆకు సంగతి, వేరే బుట్ట సంగతి, ఆయన ఐదు చుట్టలు చీల్చిన సంగతి, నేను నవ్విన సంగతి. "ఆయనకి రుచి పోలేదు. మిమ్మల్ని మోసం చేసింది నేను" అన్నాను.

ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ లేచాడు.

"సావుకారుగారిది ఎంత పెద్ద మనసో చూడండర్రా. పోయినోడి మీద మాట ఉండకూడదని తన నెత్తినేసుకుంటన్నారు."

"కాదయ్యా, నిజంగానే..."

"మాకు తెలవదాండి మీ ఇద్దరి వాడుక ఎలాంటిదో! ఆయ్, కూర్చోండి, కూర్చోండి."

నలుగురూ దండం పెట్టారు. ఒకతను నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట ఈ మాటే లాకు దగ్గర అని ఉంటే నమ్మేవాళ్ళు, నా బల్ల తిరగేసేవాళ్ళు. ఆలస్యంగా వచ్చిన నిజాన్ని వాళ్ళు నా మంచితనం కింద జమకట్టేశారు. అంతటి సిగ్గు నేను ఎన్నడూ పడలేదు.

బయల్దేరేటప్పుడు ఆయన కూతురు పందిరి గుంజ దగ్గర నిలబడి ఉంది.

"మీరు చెప్పింది నిజమేనాండి?"

"నిజమేనమ్మా."

"కూరలో ఉప్పు చాలిందా నాన్నా అని అడిగితే, 'నన్నడక్కమ్మా, నా నోటిని నమ్ముకోకు' అనేవాడండి. నిజంగానే రుచి పోయిందనుకుని అడగడం మానేశాను. ఎనిమిదేళ్ళు ఏం వండిందీ, ఎలా ఉందీ ఆయన్నడగలేదండి." తర్వాత "ఆయన ఉండగా చెప్పాల్సిందండి" అంది.

తిట్టలేదు. తండ్రి కూతురే.

ఆ మనిషి గురించి మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా నా తప్పు దగ్గరికే వచ్చి ఆగుతోంది. నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. ఇది చదివిన పడవవాడు ఎవరైనా ఉంటే మిగతావాళ్ళకి చదివి వినిపించండి. సావుకారుది పెద్ద మనసని మాత్రం అనకండి.

తిరుగు ప్రయాణంలో ఎండ వాలింది. మా పడవని ఇద్దరు గట్టు మీద నుంచి తాడుతో లాగుతున్నారు. ఎదురుగా కొబ్బరికాయల పడవ ఒకటి వచ్చింది. ఎదురెదురు పడవలు దాటాలంటే ఒకరు తాడు వదులు చేసి రెండోవాళ్ళకి దారివ్వాలి. బరువు మీద వచ్చే పడవకి మేమే దారివ్వడం పద్ధతి. కానీ అవతలి సరంగు "ఎక్కడి నుంచి?" అని కేకేసి అడిగాడు. మావాడు, "సరంగు మామ కర్మ నుంచి" అన్నాడు.

గట్టు మీద వాళ్ళ మనుషులు ఆగిపోయారు. భుజాల మీది తాడు దించారు. తలగుడ్డలు తీసి చేత్తో పట్టుకుని పక్కకి నిలబడ్డారు. మేము వాళ్ళని దాటేదాకా తాడు మళ్ళీ ఎత్తలేదు. నేను పడవ మధ్యలో తలొంచుకుని కూర్చున్నాను. వాళ్ళ పొడుగు తాడు మెల్లగా నీళ్ళలోకి జారి, మా పడవ కింద నుంచి వెళ్ళి, వెనక మళ్ళీ పైకి తేలింది.